తేలిక బ్యాటరీ

స్కార్త్‌బీ, లింకన్‌షైర్,
4 నవంబరు 2018.

టామ్సిన్ తల్లికి,

నీ ఉత్తరం అందింది. ఎడిన్‌బరో గాలి నిన్ను వంతెన మీద వెనక్కి నడిపించిందని రాశావు. మా ఊరి గాలికి అంత చదువు లేదు. గేటు తెరిచి పెట్టడం ఒక్కటే వచ్చు. డడ్లీ గొర్రెలు లోపలికొచ్చి నా క్యాబేజీలు మేసిపోతున్నాయి. అడిగితే, "గేటు నీది, గొర్రెలు నావి, గాలి ఎవరిదో దాన్నే అడుగు" అంటాడు. ఇలాంటివాడు పక్కింట్లో ఉంటే నాటకాలకి వెళ్లే ఖర్చు ఉండదు.

ఇక అసలు సంగతి. నేను కాలవల బోర్డులో పటాలు గీసి బతికినవాణ్ణి. గీత తిన్నగా ఉందో లేదో చెప్పడానికే నాకు జీతం ఇచ్చారు. అలాంటిది ఈ వేసవి నుంచి వంటింటి గోడ పలకల మధ్య గీతలు అలల్లా వంగి కనిపిస్తున్నాయి. పలకలు అతికించినవాణ్ణి తిట్టుకున్నాను. అది నేనేనని తర్వాత గుర్తొచ్చింది.

కంటి డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "ఇవాళ్టికి చట్టం ప్రకారం పరవాలేదు మిస్టర్ థ్రాస్బీ. ఫిబ్రవరిలో మళ్లీ చూస్తాను. అప్పుడు ఈ మాట అనలేను. డ్రైవింగ్ లైసెన్సు తిరిగి పంపించేయాలి. వెళ్లాలనుకున్న చోట్లేవైనా ఉంటే ఈలోపే వెళ్లి రండి" అంది.

"ఒకే ఒక్క చోటు ఉంది" అన్నాను.

"స్పెయినా?"

"కారు పరీక్ష కేంద్రం."

ఆవిడ నా కళ్లు వదిలేసి మెదడు పరీక్షించాలన్నట్టు చూసింది.

నీకు తెలుసుగా, పెట్టెల్లో ముక్కలుగా తెప్పించి మనం బిగించుకున్న కారుకి ప్రభుత్వం వాళ్లు చూసి సరేననే దాకా నంబరు ఉండదు. నంబరు లేని బండి రోడ్డెక్కడానికి చట్టం ఒకే దారి వదిలింది: ముందుగా ఖాయం చేసుకున్న పరీక్షకి వెళ్లే దారి. నాకు జనవరి 22 ఇచ్చారు. పాసైనా, నంబరు కాగితాలు వచ్చేసరికి ఫిబ్రవరి దాటిపోతుంది. కాబట్టి పద్నాలుగేళ్లు కట్టిన కారుని నేను నడిపేది ఆ ఒక్క పొద్దున్నే. కొండ దిగి, చర్చి మలుపు తిరిగి, బీట్‌రూట్ పొలాల మధ్య తిన్నగా పోయే రోడ్డు. అది తిన్నగానే ఉందని నాకు గుర్తుంది.

అన్నీ అయ్యాయి. బ్యాటరీ ఒక్కటే మిగిలింది.

నీ గీతల మామయ్య,
హెడ్లీ


ఎడిన్‌బరో,
11 నవంబరు 2018.

మామయ్యా,

నీ ఉత్తరాన్ని లైబ్రరీ మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి లేచేసరికి లంచ్‌కి తెచ్చుకున్న శాండ్‌విచ్‌ని సీగల్ పక్షి ఎత్తుకుపోయింది. నువ్వు కంగారు పడకు. మా గదిలో ఉండే బ్రయనీ వాళ్ల అమ్మమ్మకి కంట్లో సూదులు వేశారట, ఇప్పుడు మనవలందరికీ స్వెటర్లు అల్లి పంపుతోంది. నీకూ బాగైపోతుంది. నీ అక్షరాలు ఈమధ్య ఒళ్లు చేశాయి, చాలా ముద్దుగా ఉన్నాయి. ప్లమ్ బ్రెడ్ కాస్త తగ్గించమను.

బ్యాటరీ ఒక్కటే మిగిలిందని ఎంత బాగా రాశావు! శరీరమంతా తయారై ప్రాణం ఒక్కటే రావాల్సి ఉన్నట్టు. మోటారు క్లబ్బులో ఫెర్గస్ అని ఒకడున్నాడు (అమ్మకి చెప్పకు). వాడిని అడిగాను. "మీ మామయ్య సీసపు బ్యాటరీ పెడితే ఆ కారుని అవమానించినట్టే. లిథియం పెట్టమను. కాఫీ డబ్బాంత ఉంటుంది, రెండు చక్కెర పొట్లాల బరువు" అన్నాడు. సీసం అని ఒకసారి పైకి అని చూడు, మామయ్యా. నోట్లోనే బరువుగా ఉంటుంది. లిథియం పేరు గ్రీకులో రాయి అన్న మాట నుంచి వచ్చిందట. లోహాలన్నిట్లోకీ తేలికైన దానికి రాయి పేరు! ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నిద్రపట్టడం లేదు.

నాకు ఏడేళ్లప్పుడు ఆ కారుకి చక్రాలైనా లేవు. ఎడమ సీటులో నన్ను కూర్చోబెట్టి, "జడ క్లిప్పు తీసి అక్కడ పెట్టు, బరువు" అన్నావు. టూత్‌బ్రష్ పిడి కూడా కోసేసుకున్న మనిషివి. నీకు తేలికదే తగును.

ఎడమ సీటు నాదే,
టామ్సిన్


స్కార్త్‌బీ,
21 నవంబరు.

తల్లీ,

ఈ కంటి జబ్బులో సూదులకి లొంగే రకం వేరట. నాది ఎండు రకం. దాని గురించి ఇంతే.

బ్యాటరీ విషయం తేల్చేశాను. పద్నాలుగేళ్లుగా ప్రతి బోల్టునీ మా అమ్మ పిండి తూచుకున్న త్రాసులో తూచినవాణ్ణి, దుకాణానికి వెళ్లి అన్నిట్లోకీ బరువైన సీసపు బ్యాటరీ కొనుక్కొచ్చాను. నవ్వకు. ఈ కారు నాకు ఒక్కసారి స్టార్ట్ అయితే చాలు. ఆ ఒక్కసారి తప్పకూడదు. చలికాలం పొద్దున్న మాట మీద నిలబడేది సీసమే. వేగం సంగతి నా తర్వాత నడిపేవాళ్లు చూసుకుంటారు.

మనం కాళ్లు పెట్టుకునే చోటికి పైన, ముందు అద్దం కింద ఒక అర ఉంటుంది. బ్యాటరీ కూర్చోవాల్సింది అక్కడే. ఇది పొడవెక్కువ కావడంతో బానెట్ మూతపడలేదు. అర రేకు కోసి రెండు వేళ్ల లోతు దించాను. పరీక్ష చేసేవాళ్లు బ్యాటరీని రెండు చేతులతో పట్టుకుని ఊపుతారట, అందుకే అల్యూమినియం పట్టీ అడ్డంగా వేసి బిగించాను. ఎర్ర తీగ కొస మీద టోపీ పెట్టాను. రేకు కోసిన అంచు వంకరగా వచ్చిందేమోనని వేలితో తడిమి చూసుకున్నాను. తిన్నగానే ఉంది.

డడ్లీ వచ్చి, "పసిపిల్లని ఉయ్యాల్లో పెట్టినట్టు పెట్టావురా" అన్నాడు.

పరీక్ష మంగళవారం. వీలైతే ముందురోజుకి రా. ఎడమ సీటు ఖాళీ.

హెడ్లీ

తా.క. 29న: దీన్ని పోస్టులో వేయమని డడ్లీకిస్తే కోటు జేబులో పెట్టుకుని వారంపాటు గొర్రెలకి ఊరంతా చూపించాడు. ఇవాళ నేనే వేస్తున్నాను.


ఎడిన్‌బరో,
26 నవంబరు.

మామయ్యా,

నీ జవాబు కోసం చూసి చూసి నేనే తెగించేశాను. అమ్మా నేనూ కలిసి నీకు క్రిస్మస్ కానుక ముందుగానే పంపుతున్నాం. దుకాణంవాళ్లే నేరుగా తెచ్చిస్తారు. పెట్టె చూస్తే ఖాళీదనుకుంటావు, అంత తేలిక. విసిరేయకు!

అందులోని కాగితం మీద అక్షరాలు చీమల్లా ఉంటాయట. నీకు కష్టమవుతుందని కావాల్సినవి ఫెర్గస్‌ని అడిగి కింద పెద్దగా రాస్తున్నాను. ఎర్రది ఎరుపుకి. నల్లది నలుపుకి. దానితో వచ్చిన ఛార్జర్ తప్ప ఇంకోటి వాడకూడదు. వేరే బండి బ్యాటరీకి కలపకూడదు. అంతే.

పద్నాలుగేళ్ల తేలికకి చివరి ముక్క నా చేతుల మీదుగా రావడం నాకెంత గర్వంగా ఉందో.

టామ్సిన్


ఎడిన్‌బరో,
4 డిసెంబరు.

అయ్యో మామయ్యా,

నీ 21వ తారీఖు ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నువ్వు ముందే కొనేశావా! అర కూడా కోసేశావా! డడ్లీగారి కోటుని తగలబెట్టాలి. మా పెట్టె తెరవకు. అమ్మ వెనక్కి పంపేస్తానంది. మాకేమీ అనిపించదు, నిజంగా. నీకేది మంచిదనిపిస్తే అదే ఉంచు.

జనవరి సంగతి తర్వాత రాస్తాను, పరీక్షల తేదీలు ఇంకా ఇవ్వలేదు.

టా.


స్కార్త్‌బీ,
13 డిసెంబరు.

టామ్సిన్‌కి, మీ అమ్మ రొవీనాకి కూడా,

వెనక్కి పంపడమనే మాట మళ్లీ ఎత్తకండి. మీరు "ఏమీ అనిపించదు" అన్నారంటే ఏమనిపిస్తుందో నాకు తెలుసు, నేనూ ఆ ఇంట్లో పుట్టినవాణ్ణే. మీ బ్యాటరీ బిగించేశాను. అంత అందమైన వస్తువు ఈ షెడ్డులోకి ఇంతవరకు రాలేదు. అర లోతెక్కువ కావడంతో అడుగున చెక్క ముక్కలు పేర్చి ఎత్తు చేశాను. పట్టీ మళ్లీ కొత్తగా చేశాను. కాస్త ఆలస్యమైంది, అంతే. ఇప్పుడు నా చూపు పక్కల నుంచి బాగుంటోంది, మధ్యలో ఎవరో బొటనవేలు అద్దినట్టుంది. తల పక్కకి తిప్పి పని చేస్తున్నాను, కోడిలాగా.

సీసపుదాన్ని డడ్లీ ట్రాక్టరుకి ఇచ్చేశాను. వాడు మొహమాటపడ్డాడు. "నీకు అక్కర్లేదా, నిజంగానే?" అన్నాడు. "నాకు ఇంతకంటే మంచిది వచ్చింది" అన్నాను.

షెడ్డులో కిరసనాయిలు హీటర్ వెలిగించుకుని కూర్చుని ఒకసారి మీట నొక్కాను. ఇంజను ఒక్క ముట్టుకి అందుకుంది! త్రాసు పళ్లెం బల్ల మీద గలగలలాడింది. వెంటనే ఆపేశాను, పెరట్లో తిప్పలేదు. ఈ పెరడు చుట్టి వస్తే రెండో గేరు కూడా పడదు. మొదటిసారి రోడ్డు మీదే కావాలి.

క్రిస్మస్ శుభాకాంక్షలు. రొవీనా, కేకులో పళ్లు ఎక్కువ వెయ్యి, పిండి తక్కువ.

హెడ్లీ


ఎడిన్‌బరో,
10 జనవరి 2019.

మామయ్యా,

చెప్పడానికి బాధగా ఉంది. 22 మధ్యాహ్నం నా వ్యాసం అప్పగించాలి. పాత ఉత్తరాల్లో మనుషులు ఎలా మాట్లాడుకునేవారన్న దాని మీద. ఒక్క పూట కూడా గడువు ఇవ్వనన్నారు. నువ్వు చక్కగా పాసై రా. జూన్‌లో నేనొస్తాను కదా, అప్పుడు నన్ను సముద్రందాకా తిప్పుదువుగాని. ఎండలో అయితే ఇంకా బాగుంటుంది.

ఎడమ సీటుని వేరెవరికీ ఇవ్వకు.

టామ్సిన్


స్కార్త్‌బీ,
24 జనవరి.

టామ్సిన్,

నీ వ్యాసం వేళకి ఇచ్చే ఉంటావు. మంచి మార్కులు రావాలి.

ఇక్కడ కాలేదు.

ముందురోజు సాయంత్రమే కారుని షెడ్డులోంచి బయటికి నెట్టి, గేటు వైపు మొహం పెట్టి, టార్పాలిన్ కప్పి ఉంచాను. తెల్లవారేసరికి మంచు. టార్పాలిన్ రేకులా బిగుసుకుంది. టై కట్టుకున్నాను, ఎందుకో అడక్కు. మా నాన్న నేర్పినట్టే అన్నీ ఆర్పేశాను. చలిలో స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ మీద ఇంకే భారమూ ఉండకూడదనేవాడు, దీపం కూడా. మీట నొక్కాను. ఒక మూలుగు వచ్చి ఆగిపోయింది. కాసేపు దానికి విశ్రాంతి ఇచ్చాను. మళ్లీ అదే.

తీగల్లో ఏదో తప్పుంది. అది తప్ప ఇంకేం ఉంటుంది? హీటర్ పక్కన బాగా పనిచేసింది, బయటికి వచ్చాక చేయలేదంటే, ఏదో తీగని నేను సరిగ్గా చూడకుండా బిగించానన్నమాట. అలాగే నొక్కుతూ పోతే కాలిపోతుందేమోనని భయం వేసింది. బ్యాటరీ విప్పి, టార్చి పట్టుకుని, తీగ తీగా తడుముకుంటూ పోయాను. పచ్చ తీగ ఏదో నీలం తీగ ఏదో తెలియలేదు. నేనే వేసిన తీగలు. పటం కూడా నేనే గీసుకున్నాను, అదీ కనిపించలేదు. డడ్లీ గొర్రెల సంతకి వెళ్లాడు. ఉంటే మాత్రం, వేరే బండికి కలపకూడదని నువ్వు రాశావుగా.

పరీక్ష వేళ దాటాక లోపలికి వచ్చి టై విప్పాను.

ఫోన్ చేస్తే ఏప్రిల్‌లో గానీ ఖాళీ లేదన్నారు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది.

హెడ్లీ


ఎడిన్‌బరో,
29 జనవరి.

మామయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఒక్క తీగ కోసం పద్నాలుగేళ్లు వదిలేస్తావా? ఏప్రిల్ తేదీ తీసుకో. ఫెర్గస్ వస్తానన్నాడు, తీగలన్నీ వాడు చూస్తాడు, కావాలంటే పరీక్షకి వాడే నడుపుతాడు. నువ్వు ఎడమ సీటులో కూర్చో. ఏం పోయింది? ముఖ్యమైనది కారు రోడ్డెక్కడం కదా!

ఒప్పుకున్నానని ఒక్క ముక్క రాయి చాలు.

టామ్సిన్


స్కార్త్‌బీ,
25 ఫిబ్రవరి.

తల్లీ,

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించు. ఫెర్గస్‌కి నా కృతజ్ఞతలు చెప్పు. మంచి కుర్రాడిలా ఉన్నాడు, మీ అమ్మకి చెప్పేయొచ్చు.

డాక్టరమ్మ చూసింది. లైసెన్సుని కవరులో పెట్టి పంపించేశాను. స్టాంపు నేనే అతికించాను, తిన్నగా పడిందో లేదో తెలియదు.

కారు అమ్మేశాను. గ్రిమ్స్‌బీ నుంచి గ్లెనిస్ అనే ఆవిడ వచ్చింది. పశువుల ఆసుపత్రిలో నర్సు, ఇలాంటి కార్లు రెండు కట్టిందట. నేను ముందే చెప్పేశాను: "ఇది స్టార్ట్ కాదమ్మా. తీగల్లో తప్పుంది. బ్యాటరీని మళ్లీ తగిలించి కప్పేశాను, ఆ రోజు నుంచి దీన్ని ముట్టుకోలేదు, టార్పాలిన్ కూడా ఎత్తలేదు." ఆవిడే ఎత్తింది. అప్పుడూ మంచు పడుతోంది.

"దీపాలైనా వెలుగుతాయా?" అంటూ వేసింది. వెలిగాయి. వాటిని అలాగే ఉంచి చుట్టూ తిరిగింది. "ఎడమది కాస్త నేల చూపులు చూస్తోంది. సిగ్గా దానికి?" అంది. బరువు తగ్గించడానికి నేను బ్రాకెట్లకి వేసిన కన్నాలు చూసి, "ఇన్ని కన్నాలా! చీజ్ కొరికినట్టు ఎలక ఏమైనా కొరికిందా?" అంది. నవ్వాను. వాళ్ల నాన్న గురించి, ఒక గుర్రం గురించి చెప్పింది. టీ తెచ్చి ఇచ్చాను. కప్పు ఖాళీ చేసి సీట్లో కూర్చుని, ఊరికే, అలవాటుగా మీట నొక్కింది.

ఒక్క ముట్టుకి అందుకుంది.

ఆవిడ దిగి, "మీరు కూర్చోండి మిస్టర్ థ్రాస్బీ. పెరడు మీదే, ఎవరూ అడగరు. గేటుదాకా పోనివ్వండి" అంది. "వద్దులెండి, మీరు ట్రైలర్ మీదికి ఎక్కించుకోవాలి, పొద్దుపోతుంది" అన్నాను. మర్యాదకి అన్నాను. ఆవిడ కూడా మర్యాదస్థురాలే, రెండోసారి అడగలేదు.

నా చేతిలో కానిది ఆవిడ చేతిలో ఎందుకు అయిందో తెలియదు. నా వేళ్లు కూడా కళ్లలాగే అయిపోయాయేమో. ఇప్పుడు పొద్దున్నే డడ్లీ ట్రాక్టరు చప్పుడుకి లేస్తున్నాను. ఎంత చలిలోనైనా ఠంచనుగా స్టార్ట్ అవుతుంది.

హెడ్లీ


ఎడిన్‌బరో,
2 మార్చి.

మామయ్యా,

ఈ ఉత్తరంలో అక్షరాలు పెద్దగా రాస్తున్నాను, మాటలు తక్కువగా.

నీ వేళ్లు బాగానే ఉన్నాయి. నీ తీగలు కూడా. తప్పు నేను పంపిన బ్యాటరీది. గ్లెనిస్ సంగతి చెప్పగానే ఫెర్గస్ మొహం పాలిపోయింది. ఆ రకం బ్యాటరీ చలికి నిద్రపోతుందట. ముందు దీపాలు వేసి కొన్ని నిమిషాలు ఉంచితే ఒళ్లు వెచ్చబడి లేస్తుందట. నువ్వు అన్నీ ఆర్పి దానికి విశ్రాంతి ఇచ్చావు. ఈ సంగతి పెట్టెలోని కాగితంలో ఉందట, చీమల్లాంటి అక్షరాల్లో. వాడు మరిచిపోయాడు, నేను అడగలేదు. చదవాల్సిన నేను రాయి గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

నువ్వు కొన్నది పెట్టి ఉంటే వెళ్లేవాడివి. నాకు తెలుసు. నీకూ తెలియాలి, నువ్వు తప్పు చేయలేదని.

ఈస్టర్‌కి వస్తాను, రానిస్తే.

టామ్సిన్


స్కార్త్‌బీ,
12 మార్చి.

టామ్సిన్ తల్లికి,

నీ ఉత్తరాన్ని డడ్లీ చదివి వినిపించాడు. దీపాల మాట వచ్చిన దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు. "చదవవయ్యా, అది కూడా ఇంగ్లీషేగా" అన్నాను. అప్పటి నుంచి ట్రాక్టరుని వాకిలి ముందు కాకుండా అవతలి పొలంలో పెడుతున్నాడు. వద్దని చెప్పినా వినడు.

నీకు ఒక విషయం రాయడం మరిచాను. గ్లెనిస్ వచ్చే ముందురోజు నేను టార్పాలిన్ తీసి చూశాను. నల్ల తీగ మర వదులుగా ఉంది. బిగించాను. అందుకే స్టార్ట్ అయింది. దీపాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. బ్యాటరీ మొదటి నుంచీ మంచిదే. ఇది నువ్వు నమ్మాలి. ఆ కుర్రాణ్ణి కూడా తిట్టకు.

ఈస్టర్‌కి తప్పకుండా రా. బస్సు చర్చి మలుపులో ఆగుతుంది, నేను అక్కడ నిలబడతాను. దిగేవాళ్లలో నువ్వెవరో నాకు తెలియదు. మొహాలకి ఇప్పుడు మధ్యభాగం ఉండటం లేదు.

ముందు నువ్వే పలకరించు.

హెడ్లీ మామయ్య